సర్కారు తొడుగులో మావయ్య ఫోను

సముద్రం మీద రెండుమూడు సార్లు బోటు తిరగబడింది నాకు. ప్రతిసారీ ఈదుకుంటూ వచ్చేశాను. కానీ కూర్మన్నపాలెంలో, పొడి గచ్చు మీద, మా మావయ్య వరండాలో, ఒక ప్లాస్టిక్ బకెట్ ముందు కూర్చుని మునిగిపోయాను చూశారూ, అలాంటి మునక మా పేటలో ఇంతవరకూ ఎవరూ మునగలేదు. ఆ కథ చెబుతాను. నవ్వండి, పర్వాలేదు. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

నా పేరు పోలరాజు. చేపలవేట మా పని. ఏడో తరగతిలో లెక్కల మాస్టారూ నేనూ ఒకరినొకరు భరించలేక విడిపోయాం. ఆయన బడిలో ఉండిపోయారు, నేను బోటెక్కాను. నోరు మాత్రం నాతోపాటే వచ్చింది. అది కూడా ఆయన దగ్గరే ఉండిపోయి ఉంటే ఈ కథ జరిగేదే కాదు.

అప్పట్లో మా ఆవిడ మంగ తొలికాన్పుకి పుట్టింటికి వెళ్ళింది. మా వాళ్ళలో తొలికాన్పు అంటే చిన్న విషయం కాదు. ఏడో నెలలో వెళ్ళిన పిల్ల, బిడ్డకి మెడ నిలిచేదాకా తిరిగి రాదు. ఈలోగా మొగుడన్నవాడు గంజి కాచుకోవడం, చొక్కా ఉతుక్కోవడం, రెండూ ఒకే గిన్నెలో చేయకూడదని తెలుసుకోవడం జరుగుతుంది. మంగ వాళ్ళ నాన్న, అంటే మా మావయ్య, స్టీలు ప్లాంటులో క్రేను నడుపుతాడు. ఆ హోరులో పనిచేసి పనిచేసి, 'కాసిని మంచినీళ్ళియ్యి' అన్నా దువ్వాడ స్టేషనులో ఉన్న రైలు కదిలిపోయేటంత గట్టిగా అంటాడు.

పాప పుట్టింది. బాగానే ఉంది. మంగకే రక్తం బాగా తగ్గిపోయింది. డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, మూడేళ్ళదాకా రెండో బిడ్డ మాట ఎత్తొద్దంది. రక్తం పెరిగేవరకూ మంగకి లూపు వేయడం కూడా కుదరదు, అందాకా జాగ్రత్త పడాల్సింది నువ్వేనంది. నేను గంభీరంగా తలూపాను. తలూపడంలో నన్ను మించినవాడు లేడు. ఆ తలలోకి ఏం వెళ్ళిందన్నది వేరే సంగతి.

ఇప్పుడు బోటు దగ్గరికి రండి. ఫోను లేనిదే ఇప్పుడు వేట లేదు. గాలి ఎటుంది, ఏ బోటుకి చేప పడింది, రేవులో ధర ఎలా ఉంది, అన్నీ ఫోనులోనే. కానీ ఆ ఫోనుకి ఉప్పునీళ్ళు తగిలాయా, ఒడ్డున పడ్డ చేపలా కళ్ళు తేలేస్తుంది. మా బోటు నడిపే సారంగు గురువులు బావ ఫోను అలాగే పోయింది. దానికి కర్మకాండ ఒక్కటే తక్కువ. అంత ఏడ్చాడు.

ఒకరోజు హార్బరులో పక్కబోటువాళ్ళ దగ్గర ఒక వింత చూసొచ్చాడు బావ.

"ఒరే పోలరాజూ! ఆళ్ళు ఫోనుని నిరోద్‌లో దూర్చీసి మూతి ముడేసీసినార్రా. ఆ పైనుంచే మాటాడతన్నారు, ఆ పైనుంచే నొక్కుతన్నారు. సముద్రంలో ముంచినా సుక్క నీరు ఎల్లనేదు!"

"నిజవా బావా?"

"నీ మీదొట్టు. మీ ఇంటి పక్కనే గదా హెల్త్ సెంటరు? గోడకి డబ్బా ఏలాడదీసి పంచిపెడతన్నారు గదా? ఇకనించి మన బోటుకి అయి తెచ్చే డూటీ నీదే."

నిజంగానే మా సెంటరు గోడకి ఒక డబ్బా ఉంది. ఎవరికి కావాలంటే వాళ్ళు అడగకుండా, సిగ్గుపడకుండా తీసుకోవచ్చు. నేను సిగ్గన్నదే పడలేదు. వేటకి వెళ్ళే ప్రతిసారీ గుప్పెడు. బోటులో ఫోన్లు అయ్యాక టార్చిలైట్లకి తొడిగాం. టార్చిలైట్లయ్యాక గురువులు బావ బీడీకట్టకీ అగ్గిపెట్టెకీ తొడిగాడు. మా బోటులో తొడుగు లేనివి మేమూ చేపలూ మాత్రమే. నా మటుకు నేను ఆ వస్తువు ఫోన్ల కోసమే పుట్టిందని నమ్మేశాను. దానికి వేరే ఉద్యోగం ఉందన్న సంగతి నా బుర్రలోంచి పూర్తిగా జారిపోయింది.

డబ్బా నింపేది మా పేట ఆశా కార్యకర్త సత్యవతక్క. గర్భిణులకి మాత్రలు, పిల్లలకి టీకాలు, కొత్త కోడళ్ళకి సలహాలు, అన్నీ ఆమే. ఆమె నింపి ఇంటికి వెళ్ళేలోపు నేను ఖాళీ చేసేసేవాణ్ణి. మళ్ళీ వచ్చి, నడుము మీద చేతులు పెట్టుకుని, డబ్బాలోకి తొంగిచూసేది. డబ్బా కింద చూసేది. డబ్బా వెనక గోడని కూడా తట్టి చూసేది. చివరికి ఒక పొద్దున నా చెయ్యి డబ్బాలో ఉండగా పట్టుకుంది.

"తమ్ముడూ, నువ్వా?"

"నానే అక్కా."

"మంగ పుట్టింట్లో ఉంది గదా. ఇన్ని ఎందుకురా?"

అప్పుడు ఉన్నదున్నట్టు చెప్పేస్తే సరిపోయేది. కానీ ఫోన్లకని చెబితే ఇవ్వడం మానేస్తుందేమోనని భయం. పైగా నా నోరు ఖాళీగా ఉంది.

"జాగర్తగా ఉండాలని మీటింగుల్లో మొత్తుకునేది నువ్వే గదక్కా? ఉంటన్నాను మరి!"

సత్యవతక్క నన్ను ఎగాదిగా చూసింది. ఆమె మనసు మంచిది. మంచి మనసులతో వచ్చే చిక్కేమిటంటే, వెధవ పనిలో కూడా అవి మంచినే వెతుకుతాయి. పెళ్ళాం తిరిగొచ్చేసరికి ఇల్లు నింపిపెడుతున్నాడు, ఎంత బాధ్యతగల కుర్రాడో అనుకుంది. పాపకి టీకా గుర్తుచేయడానికి మంగకి ఫోను చేసినప్పుడు ఆ మాటే చెప్పి మురిసిపోయింది. మంగ కూడా మురిసిపోయిందట. ఆ సాయంత్రమే నాకు ఫోను చేసింది. గొంతులో తేనె కారుతోంది.

"ఏటయ్యా, సత్యవతక్క ఇచ్చినయి ఇంట్లో బాగా దాసినావంట?"

నేను వల సర్దుకుంటూ, ఏమీ ఆలోచించకుండా అన్నాను. "ఎక్కడే! ఒక్కటీ మిగల్నేదు. అన్నీ అయిపోనాయి. రేపు మళ్ళీ తేవాల."

అవతల పాప కేరింత వినబడింది. అంతలో మంగ ఫోను పెట్టేసింది. సిగ్నలు పోయిందనుకున్నాను. చూశారా, పోయింది నా సంసారమైతే నేను టవరుని తిట్టుకున్నాను.

మర్నాడు మావయ్య ఫోను. "అల్లుడా! ఆదివారం ఓసారి ఇంటికి రా!" అంతే. మంగనీ పాపనీ నాతో పంపించేస్తారనుకున్నాను. పెద్ద వంజరం చేప, పాపకి పూల గౌను కొన్నాను. మద్దిలపాలెంలో బస్సెక్కితే ముందు సీట్లో సత్యవతక్క.

"నువ్వెక్కడికక్కా?"

"మీ మావ ఇంటికే. మంగ రమ్మంది. ఎందుకో సెప్పలేదు."

"నన్నూ రమ్మన్నారు. బోజనాలేమో!"

"అదే అయ్యుంటాది. ఆ సేప ఏటి, వంజరమా?"

ఇద్దరం దారి పొడుగునా పులుసా వేపుడా అని వాదించుకుంటూ వెళ్ళాం.

వరండాలో మావయ్య, అత్త, పాపని ఒళ్ళో పెట్టుకుని మంగ. పొయ్యి మీద ఏమీ లేదు. నా చేతిలో చేపని ఎవరూ అందుకోలేదు. దాన్ని పట్టుకునే నిలబడ్డాను.

"ఎవుర్తది?" అంది మంగ.

"ఏది?"

"నాను ఇక్కడ బిడ్డని ఎత్తుకుని కూకుంటే, అన్ని పేకెట్లు అయిపోనాయంటే, అది ఎవుర్తి?"

ఆ ప్రశ్న నా చెవిలోంచి బుర్రలోకి, బుర్రలోంచి డబ్బాలోకి, డబ్బాలోంచి బోటులోకి వెళ్ళి తిరిగి రావడానికి కాస్త సమయం పట్టింది. రాగానే నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నా వీపు మీద నేనే చరుచుకోవాలనిపిస్తుంది. పగలబడి నవ్వాను.

"నవ్వుతన్నాడే!" అంది అత్త.

"నవ్వుతన్నావేటి!" అన్నాడు మావయ్య. వీధి చివర కుక్క లేచి పారిపోయింది.

"అదికాదు మావయ్యా, అయి ఫోన్లకి తొడిగినాం!"

"ఫోన్లకా? ఫోన్లకి కుటుంబ నియంత్రణేటి?"

మంగ నవ్వలేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "సత్యవతక్క సెప్పినప్పుడు ఎంత సంబరపడిపోనానో ఎరుగుదువా? నా ఒంట్లో రగతం నేదని, నాకోసం జాగర్త పడతన్నావనుకున్నాను. అమ్మకీ నాన్నకీ గొప్పగా సెప్పుకున్నాను. నాను నీతో రాను. పాపా రాదు."

నిజం చెబుతున్నాను, అప్పుడు పోయింది నా నవ్వు. గాలివానలో కూడా అంత భయం వేయలేదు. పాప నాకేసి చూసింది, అది కూడా అటు పార్టీయే అన్నట్టు.

"సూపిత్తాను!" అన్నాను. "ఓ బకెట్టు నీళ్ళెట్టండి. సత్యవతక్కా, నీ సంచీలో ఉన్నాయా? మావయ్యా, మీ ఫోనియ్యండి. నాది పగుళ్ళిచ్చిపోనాది, అది మునిగితే నమ్మరు. గేరంటీ నాది!"

మావయ్యది కొత్త ఫోను, చేతికొచ్చి వారం కూడా కాలేదు. అయినా కూతురి ముఖం చూసి ఇచ్చేశాడు.

ఇక్కడ మీకొక చిన్న విషయం చెప్పడం మరిచాను. బోటులో తొడిగేదీ ముడివేసేదీ ఎప్పుడూ గురువులు బావే. నాది సరుకు తెచ్చే డిపార్టుమెంటు. ఏదైనా ఒకటి విప్పి చూసిన పాపాన పోలేదు. ఈ సంగతి నాకూ అప్పుడే గుర్తొచ్చింది.

మొదటి ప్యాకెట్టు చింపడానికి నా చేతులు సహకరించలేదు. వంజరం జిడ్డు. పళ్ళతో లాగాను. లోపలిది కూడా సగానికి చిరిగింది. రెండోదాన్ని తిరగేసి పట్టుకుని లాగితే, చేతిలోంచి జారి ఎగిరి అత్త తలకొప్పు మీద వాలింది. అత్త కేక పెట్టింది. మూడోదాన్ని మళ్ళీ పళ్ళతోనే విప్పి, కాళ్ళ మధ్య ఫోను ఇరికించుకుని, చెమటలు కక్కుతూ, గేదెకి లాగు తొడిగినట్టు తొడిగి, వలకి వేసే ముడి వేసి బకెట్టులో ముంచాను.

"మంగా, రింగియ్యి!"

మంగ రింగిచ్చింది. నీళ్ళ అడుగున ఫోను వెలిగింది, మోగింది! నేను మీసం దువ్వాను. అంతలో నా పంటిగాటులోంచి ఒక బుడగ లేచింది. దాని వెనక ఇంకొకటి. పాట కాస్తా గొణుగుడయింది, గొణుగుడు గురకయింది. వెలుగు ఆరిపోయింది.

మావయ్య బకెట్టులోకి చూశాడు. ఆయన నోరు తెరుచుకుంది గానీ అందులోంచి మాట రాలేదు. క్రేను ఎక్కినప్పట్నుంచీ ఆయన నిశ్శబ్దంగా ఉండడం అదే మొదటిసారి.

ఎవరో కిసుక్కుమన్నారు. సత్యవతక్క. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగడంలేదు.

"మంగా, ఏడుపాపీ. నీ మొగుడు ఏ తప్పూ సెయ్యలేదు."

"ఎలా సెప్పగలవక్కా?"

"సూసినావు గదే! అన్ని పట్టుకుపోనోడికి ఒక్కటంటే ఒక్కటి విప్పడం రాలేదు. నిజంగా ఎవుర్తయినా ఉంటే, ఈపాటికి నేర్పీసుండేది!"

ముందు అత్త నవ్వింది. తర్వాత మంగ నవ్వింది. నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది, పాపని నా చేతుల్లో పడేసింది. ప్రపంచంలో ఎంతమంది మొగుళ్ళు నిజాయితీ వల్ల బయటపడ్డారో నాకు తెలీదు. నేను మాత్రం చేతగానితనం వల్ల బయటపడ్డాను.

ఫోనుని బియ్యం డబ్బాలో పెట్టి చూశారు. లేవలేదు. ఆ రోజు అన్నంలో మాత్రం కాస్త రబ్బరు వాసన వచ్చింది. నా పగుళ్ళ ఫోను మావయ్య జేబులోకి వెళ్ళింది.

మంగ నాతో రావడానికి ఒక షరతు పెట్టింది. సత్యవతక్క మగవాళ్ళకి పెట్టే మీటింగులో నేను ముందు వరసలో కూర్చుని, చేతులతో విప్పి, అందరి ముందూ పరీక్ష పాసవ్వాలి. ఒక్కణ్ణే వెళితే పరువు పోతుందని బోటు మొత్తాన్ని లాక్కెళ్ళాను. పాసయ్యాను. బడి వదిలేశాక నేను పాసైన పరీక్ష అదొక్కటే. బోటు ఫోన్లకి జిప్పు కవర్లు కొనుక్కున్నాం. మంగకి రక్తం పెరిగింది. రెండోవాడు మేం పిలిచినప్పుడే వచ్చాడు, అంతకు ముందు తొంగి కూడా చూడలేదు.

అందుచేత సముద్రం సాక్షిగా, వలల సాక్షిగా, మావయ్య ఫోను ఆత్మసాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. సర్కారువారు ఏ పనికోసం ఇచ్చిన వస్తువుని ఆ పనికే వాడతాను. పళ్ళు అన్నానికే వాడతాను. ఎవరైనా ఎందుకని అడిగితే, జోకు వెయ్యకుండా ఉన్నమాట చెబుతాను.

ఇంతా రాసి మంగకి గట్టిగా చదివి వినిపించాను. ఆమె పిల్లాడికి అన్నం పెడుతూ మొత్తం విని, "పెమాణాలు సరే. ఇంట్లోకి తెచ్చినావా మరి?" అంది.

చొక్కా వేసుకుంటున్నానండి. సెంటరు మూసేలోగా వెళ్ళాలి.