కాణిపాకం దారిలో గడగడ

ఒక మనిషి చేత ప్రమాణం చేయించడానికి నా కారులో నేనే ఎక్కించుకుని కాణిపాకం బయల్దేరాను. ఆ ప్రమాణం జరగలేదు. జరగనందుకు, ఆ దారిన వెళ్లినప్పుడల్లా ఇప్పటికీ హమ్మయ్య అనుకుంటాను.

మా వైపు ఇద్దరి మధ్య మాట తేలకపోతే "కాణిపాకం పోదాం రా" అంటారు. అక్కడ స్నానం చేసి, తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబడి ఒట్టు వేయాలి. అబద్ధం ఆడినవాడిని స్వామి ఊరికే వదలడని గట్టి నమ్మకం. అందుకే సగం తగాదాలు బస్సెక్కకముందే తేలిపోతాయి. మాది బస్సెక్కేదాకా కాదు, కారెక్కినా తేలలేదు.

దీనికంతటికీ మూలం నా కారు మోజు. నేను తిరుపతిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. గొంతు పెద్దది, కోపం ముక్కు మీదే ఉంటుంది. నా చిన్న హ్యాచ్‌బ్యాక్‌కు అప్పటికి పద్నాలుగేళ్లు. ఆ మోడల్‌ను కంపెనీ ఎప్పుడో ఆపేసింది. కొత్త కారు కొనే స్తోమత లేదు, పాతదాన్ని పాతదానిలా చూసే ఓపికా లేదు. ముందు బంపర్ కింద ఒక పెదవి, రెండు పక్కలా తలుపుల కింద అంచుల్లా స్కర్టులు, వెనక తలుపు మీద రెక్కలాంటి స్పాయిలర్, వెడల్పు టైర్లు, గాలి ధారాళంగా వదిలే సైలెన్సర్ పెట్టిస్తే బండికి కొత్త ప్రాణం వస్తుందని వీడియోలు చూసి చూసి నిర్ణయించేశాను.

"దానికేమన్నా పెళ్లిచూపులా?" అంది మా ఆవిడ.

నేను పట్టించుకోలేదు. ఫోన్‌లో కార్ల పిచ్చి కుర్రాళ్ల గుంపుల్లో చేరాను. నా వయసులో సగం కూడా లేనివాళ్లు నన్ను బ్రో అంటుంటే సిగ్గుపడకుండా బదులిచ్చాను. అందరి దగ్గరా అన్ని కార్లకూ సామాను ఉంది, నా కారుకు తప్ప. చెన్నైలో పాత సామాన్ల బజారంతా ఒక రోజు కాళ్లరిగేలా తిరిగితే, ప్రతి దుకాణంలోనూ మోడల్ పేరు వినగానే చెయ్యి అడ్డంగా ఊపారు. చివరికి ఢిల్లీ నుంచి ఒక స్పాయిలర్ తెప్పించాను. పేరు నా కారుదే, రంధ్రాలు మాత్రం వేలెడంత పక్కకున్నాయి. కోపం వచ్చి నేనే స్టూలెక్కి డ్రిల్లు పట్టుకున్నాను. స్టూలు జారింది, మణికట్టు మెలిక పడింది, ఎముకల కట్టుకు పేరున్న పుత్తూరు పోక తప్పలేదు.

అక్కడ కట్టు కట్టించుకోవడానికి వరసలో కూర్చున్నప్పుడు పక్కనున్న లారీ డ్రైవరు ఎట్లా తగిలిందని అడిగాడు. చెప్పాను. అతను తన భుజం నొప్పి మరిచిపోయి నవ్వాడు.

"దుడ్లిచ్చి ఢిల్లీ నుంచి తెప్పించుకుంటివా సార్? చిత్తూర్లో ఒగ భాయ్ ఉండాడు. మా లారీకి ముందర టోపీ ఆయనే చేసినాడు. నీ బండికి కొలత తీసి చొక్కా కుట్టినట్ల చేసిస్తాడు, పో."

దెబ్బ తగిలిన చోటే దారి దొరికింది నాకు. చేతికి కట్టుతోనే చిత్తూరు వెళ్లాను.

భాయ్‌కి యాభై దాటి ఉంటాయి. తండ్రి లారీలకు చెక్క బాడీలు కట్టేవాడట, ఈయన ఫైబర్‌లోకి మారాడు. రేకుల షెడ్డు, జిగురు వాసన, గోడకు ఆనించిన అచ్చులు. నా కారు చుట్టూ అరచెయ్యి ఆనిస్తూ ఒక చుట్టు తిరిగి, టేపు తీసుకుని ఎడమ పక్క ఒకసారి, కుడి పక్క ఇంకోసారి కొలిచాడు.

"రెండు పక్కలా ఒకటే కదా భాయ్" అన్నాను.

"కొత్తలో ఒకటే సార్. ఇన్నేండ్లు తిరిగినాక ఏ బండైనా ఒగపక్కకు వంగుతాది. కొనుక్కొచ్చినవి అందుకే కూసోవు."

నెల పట్టింది. తొడిగిన రోజు చూస్తే, ఆ పెదవి, ఆ స్కర్టులు, ఆ స్పాయిలర్ పుట్టుకతోనే ఉన్నట్టు అతుక్కుపోయాయి. కోయంబత్తూరు నుంచి తెప్పించిన సైలెన్సర్‌ను కూడా ఆయన షెడ్డులోనే వెల్డింగు చేయించాం. పాత గొట్టంతో పాటు పొగను శుభ్రం చేసే ఇనుప డబ్బా ఒకటి ఊడదీశారు. మెకానిక్కులు దాన్ని క్యాట్ అంటారు. చూడ్డానికి చిన్న చెంబంత ఉంటుంది కానీ లోపల ఖరీదైన లోహం ఉంటుంది, దానికోసం దొంగలు పడతారు. బరువు తగ్గితే పరుగు పెరుగుతుందని వీడియోల్లో విని, స్టెప్నీ చక్రాన్ని కూడా అంతకుముందే తీయించి ఇంట్లో పడేశాను. మర్నాడు తిరుపతిలో డిక్కీ నేల మీద పెద్ద స్పీకర్ల పెట్టె బిగించుకున్నాను. కొన్ని నెలలు నా ఆనందానికి అంతు లేదు.

తర్వాత గడగడ మొదలైంది. వెనక ఎక్కడి నుంచో, స్పీడు అరవై దాటితేనే వచ్చేది. మూడుసార్లు చిత్తూరు వెళ్లి భాయ్ మీద విసుక్కున్నాను. ఆయన మూడుసార్లూ స్కర్టులు, స్పాయిలర్ బిగించాడు, ఆ ఇరుకు వీధిలో నడిపి చూశాడు. వీధిలో అరవై ఎక్కడ పోతాం, చప్పుడు వచ్చేది కాదు. "మోగలేదే సార్" అనేవాడు. హైవే ఎక్కగానే మోగేది. నేను దారంతా తిట్టుకుంటూ వచ్చేవాణ్ని.

ఇంతలో కారుకు పదిహేనేళ్లు నిండి రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించాల్సి వచ్చింది. ఈ మోత సైలెన్సర్‌తో తెస్తే వెనక్కి పంపేస్తాం, పాతవన్నీ బిగించుకు రమ్మని ఆర్టీఓ ఆఫీసులో అన్నారు. అటక మీద పాత గొట్టం ఉంది. డబ్బా లేదు. మంచాల కిందా, మెట్ల కిందా, అన్నీ వెతికాను. భాయ్‌కి ఫోన్ చేశాను.

"ఇచ్చినా గదా సార్. ఆ పొద్దే మీ చేతికే ఇచ్చినా."

"నాకివ్వలేదు."

"ఇచ్చినా సార్. డిక్కీలో సూసినారా?"

"చూశాను, స్పీకర్ల పెట్టె తప్ప ఏమీ లేదు."

మర్నాడే చిత్తూరు పోయి షెడ్డు ముందు నిలబడి అరిచాను. అరవై మంది పిల్లలున్న గదిలో చివరి బెంచీకి వినబడే గొంతు నాది. ఎదురు షెడ్డు పెయింటరు బయటికొచ్చాడు, టీ కొట్టాయన గరిటె పట్టుకునే చూస్తున్నాడు. ఆ డబ్బాలో ఏముంటుందో, దాన్ని ఎంతకు అమ్ముకుంటారో నాకు తెలుసన్నాను. నోరు జారానని తెలుస్తూనే ఉంది, ఆపుకోలేకపోయాను.

భాయ్ బ్రష్షు డబ్బాలో పెట్టి, చేతులు కడుక్కుని వచ్చాడు.

"సార్, ఈ వీధిలో ముప్పై ఏండ్లుగా నన్ను నమ్మి బండ్లు వదిలిపెట్టి పోతా ఉండారు. తాళం చేతికిచ్చి పోతారు. దొంగ అనిపించుకున్నాక ఇంగ ఎవురు వదులుతారు? కాణిపాకం పోదాం. ఆదివారం వస్తా."

"పోదాం పద" అన్నాను నేనూ.

ఆ వారం సరిగా అన్నం సయించలేదు. మా ఆవిడ ఒకే ఒక్క మాట అడిగింది: "ఆయన నిజంగానే ఇచ్చుంటే?" ఇవ్వలేదని గట్టిగా చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే నచ్చలేదు. నిజాయితీపరుణ్ని దేవుడి ముందు తడిబట్టలతో నిలబెట్టి, తర్వాత తప్పు నాదని తేలితే ఏ మొహం పెట్టుకు తిరగాలి? అయినా వెనక్కి తగ్గే బుద్ధి మాత్రం పుట్టలేదు.

ఆదివారం పొద్దున భాయ్ షెడ్డు ముందు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో, చేతిలో గుడ్డ సంచితో నిలబడి ఉన్నాడు. పక్క సీట్లో కూర్చున్నాడు. సలామూ లేదు, నమస్కారమూ లేదు. ఊరు దాటేదాకా ఇద్దరం అద్దంలోంచి రోడ్డే చూశాం.

ఊరు దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. బండి అరవై దాటింది. వెనక గడగడ మొదలైంది.

భాయ్ మెడ కొంచెం పక్కకు వంచాడు.

"ఇదేనా సార్ మీరు చెప్పిన చప్పుడు?"

"ఇదే. నువ్వు తొడిగిన స్కర్టులదే."

"కొంచెం నిదానం చెయ్యండి... ఇప్పుడు పెంచండి... అద్దాలు ఎక్కించండి."

చెప్పినట్టే చేశాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. తన పేరు నిలబెట్టుకోవడానికి పోతున్న మనిషి, ఆ సంగతే మరిచిపోయి నా బండి చప్పుడు వింటున్నాడు. ఏటా ఎంతో మంది పిల్లలకు కంపనాల పాఠం చెప్పే నేను, ఆ చప్పుడును ఆరు నెలలు తిట్టానే గానీ ఒక్కసారి అట్లా వినలేదు.

"స్కర్టు కాదు. స్పాయిలర్ కాదు. ఫైబర్ ఇట్ల మోగదు సార్, ఇది ఇనుము. లోపల ఏందో దొర్లతా ఉండాది. ఆపండి."

"ఆలస్యమవుతుంది భాయ్."

"దేవుడు యాడికీ పోడు. ఆపండి."

చెరకు తోట పక్కన ఆపాను. తెల్ల చొక్కా జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. ప్రమాణానికి కూడా దాన్ని వదిలి రాలేదు. స్పీకర్ల పెట్టె నాలుగు మరలూ విప్పి పక్కకు జరిపాడు, కింద పరిచిన మ్యాటు ఎత్తాడు. స్టెప్నీ ఉండాల్సిన గుంతలో కాగితాల మూట ఒకటి ఉంది. కాగితాలు చిరిగి, ఇనుము బయటికి కనబడుతోంది.

అవి మా పిల్లల యూనిట్ టెస్టు పేపర్లు. పైనున్న పేజీలో నా ఎర్ర సిరా: పదికి మూడు. దాని పక్కన నా చేతిరాతే: తొందరపడకు, సరిచూసుకో.

అప్పుడు గుర్తొచ్చింది. కారును చూసుకుంటూ ఫోన్‌లో వీడియో తీస్తుంటే ఆయన డబ్బా తెచ్చి చేతికిచ్చాడు. మసి అంటుతుందని వెనక సీట్లో ఉన్న పేపర్లు చుట్టి, ఖాళీ గుంతలో నేనే పెట్టాను. మర్నాడు దాని మీదే పెట్టె బిగించుకున్నాను. పేపర్లు అరిగేదాకా అది నోరు మూసుకుని ఉంది, అరిగాక మోగింది. ఆయన మీద నేను మోపిన రెండు నేరాలూ ఆ ఒక్క గుంతలోనే ఉన్నాయి.

తల తీసేసినట్టయింది. అంతకన్నా ముందు, సిగ్గుకన్నా ముందు, బతికిపోయాననిపించింది. ఇంకో అరగంట గడిచుంటే ఈయన తడిబట్టలతో నిలబడేవాడు.

భాయ్ మైలురాయి మీద కూలబడ్డాడు.

"అబ్బా... వారం నుంచి నిద్ర లేదు సార్. ఇచ్చినా ఇచ్చినా అని మీతో అంటిని గానీ, నాకే అనుమానం పట్టుకునింది. ఇంగొకరికిచ్చి మీకిచ్చినా అనుకుంటా ఉండానేమో, తెలీకుండా దేవుని ముందర అబద్ధం చెప్పేస్తానేమో అని. ఇంగ చాలు. నేను ఇచ్చినా."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. క్షమించమన్నాను. చేతులు పట్టుకోబోతే ఆయన వదిలించుకోలేదు, కానీ ఒక మాట అన్నాడు.

"ఈ చెరకు తోటలో చెప్తే ఎవురికి వినపడతాది సార్? మా వీధిలో అంటిరి గదా. ఆడనే చెప్పండి."

కారు వెనక్కి తిప్పాను. గడగడ లేదు. ఆ ఆరు నెలల్లో బండి అంత కుదురుగా పోవడం నేను వినలేదు.

షెడ్డు ముందు దిగి, డబ్బా చేత్తో పట్టుకుని నిలబడ్డాను. పెయింటరు వచ్చాడు, టీ తాగేవాళ్లు తలలు తిప్పారు. "డబ్బా నా కార్లోనే ఉన్నింది. నేనే పెట్టుకుని మరిచిపోయినా. భాయ్‌ది ఏం తప్పు లేదు" అన్నాను.

"మొన్న ఇంగా గట్టిగా అంటివి గదా సార్" అన్నాడు టీ కొట్టాయన.

అందరూ నవ్వారు. మొన్న అరిచినంత గట్టిగా మళ్లీ మొదటి నుంచి చెప్పాను. వీధి చివరి టైర్ల కొట్టతను కూడా బయటికొచ్చి విన్నాడు. చెప్పడం అయ్యేసరికి ఒళ్లంతా చెమట. జేబురుమాలు కోసం తడుముకుంటున్నాను.

భాయ్ తన గుడ్డ సంచిలో చెయ్యి పెట్టి ఒక కొత్త తువ్వాలు తీసి ఇచ్చాడు. సంచిలో మడత విప్పని తువ్వాలు ఇంకొకటి కనబడింది.

"రెండెందుకు భాయ్?"

"ఒట్టుకు మీరు గూడా మునగాల గదా సార్. కోపంలో ఏమీ తెచ్చుకోకుండా వస్తారు, తడి గుడ్డలతో తిరుపతి దాకా యాడ పోతారు అని మా ఇంటామె ఒగటి మీకని పెట్టింది."

ఆ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాను. చాలాసేపు మొహం మీద నుంచి తీయలేదు.