కుండీలో ఆరబెట్టిన మెమరీ కార్డు

తపాలా బిళ్లంత ప్లాస్టిక్ ముక్కని బాగు చేయబోయి ఒక లారీ మొక్కల్నీ, మా మావయ్యగారి పరువునీ, నా కొత్త కాపురాన్నీ ఒకే మధ్యాహ్నం ప్రమాదంలో పడేసిన వైనం చెబుతాను. మీరు నవ్వుతారని నాకు తెలుసు. నవ్వండి. మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ ఆపలేదు, మీకెందుకు మొహమాటం?

అప్పటికి నాకు పెళ్లై ఇంకా ఏడాది నిండలేదు. అత్తవారిది కడియంలో నర్సరీ. నేను భీమవరంలో ఇంజినీరింగు చదివాను. పుట్టింటి నుంచి నాతోపాటు వచ్చిన ఆస్తి ఒక పెద్ద కెమెరా. అది మెడలో వేసుకుంటే ప్రపంచంలో నాకు తెలియని విషయం ఏదీ ఉండదని నా గట్టి నమ్మకం.

ఆ రోజుల్లో మావయ్యగారికి బెంగళూరు నుంచి తొలిసారి ఒక పెద్ద బేరం తగిలింది. అక్కడ రిసార్టు కడుతున్న ఒక తెలుగాయన లారీడు మొక్కలు కావాలన్నాడు. కానీ మనిషి మహా అనుమానపు పక్షి. ప్రతి మొక్కకీ నంబరు బిళ్ల కట్టి ఫొటో తీయాలట. లారీ దిగాక ఫొటోకీ మొక్కకీ పోల్చి చూసుకుంటాడట. ఫొటో లేని మొక్క అదే లారీలో వెనక్కి వస్తుంది, కిరాయి మనదే. అంతకుముందు ఎవరో పంపిన లోడు ఇలాగే తిప్పి పంపేశాడని విని మావయ్యగారికి రెండు రోజులు అన్నం సహించలేదు.

"ఫోనుతో తీసేస్తే పోలా?" అన్నారు మావారు.

"ఫోనులో వచ్చేది మొక్క కాదండీ, మొక్క గురించిన పుకారు. ఆకు మీద ఈనెలు కూడా లెక్కపెట్టుకునేలా నేను తీస్తాను కదా!" అన్నాను.

తీశాను. ఎండలో పొద్దుటి నుంచీ మొక్క మొక్కకీ మోకరిల్లి తీశాను. కూలీల మేస్త్రి సత్తెమ్మ నోటి మీద చెయ్యేసుకుని, "పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని ఫొటోలు తియ్యరండి అమ్మాయిగారూ!" అని ఆశ్చర్యపోయింది. అది పొగడ్త అనుకున్నాను.

ఆ తర్వాత ఆఫీసు గదిలో కూర్చుని కార్డుని రీడర్లో పెట్టి కంప్యూటరుకి తగిలించాను. 'కార్డు చదవడం కుదరలేదు' అంది కంప్యూటరు. తీసి మళ్ళీ పెట్టాను. అదే మాట. తిరగేసి పెట్టాను, అసలు దూరలేదు. పక్కనున్న బుల్లి లాక్ మీటని అటూ ఇటూ జరిపాను. లాభం లేదు.

ఇక్కడ మావారు చాలా తెలివైన మాట ఒకటి అన్నారు. ఆ తర్వాత ఇంతవరకూ మళ్ళీ అనలేదు కాబట్టి రాసి పెడుతున్నాను.

"మొక్కలింకా ఇక్కడే ఉన్నాయిగా, ఫోనుతో గబగబా తీసేద్దాం."

"అంటే నాకు కార్డు బాగు చేయడం రాదనా?"

"నేనలా అన్నానా?"

"అనలేదు, అనుకున్నారు!"

సరిగ్గా అప్పుడే మావయ్యగారు గుమ్మంలోకి వచ్చారు. "అమ్మాయ్, ఫొటోలైనట్టేనా? లారీకి ఎత్తించెయ్యమంటావా?"

"ఎత్తించెయ్యండి మావయ్యగారూ. సాయంత్రానికి ఫొటోలు బెంగళూరులో ఉంటాయి" అన్నాను. ఆ నోటిని అప్పుడే కుట్టేసి ఉంటే ఈ కథే లేదు.

ఇక వైద్యం మొదలైంది. కార్డు మీది ఇత్తడి గీతల్ని రబ్బరుతో రుద్దాను. దుమ్ము పోవాలని నోటితో గట్టిగా ఊదాను. కాస్త తుంపర పడింది. అది పోవడానికి కరోనా రోజుల్లో మిగిలిపోయిన శానిటైజరు పోశాను. అది అడుగున జిగురుగా ఉండిపోయిన సరుకు. కార్డు పానకంలో పడ్డట్టయింది. ఇప్పుడు దాన్ని ఆరబెట్టాలి. తడిసిన ఫోనుని బియ్యంలో పెట్టడం లోకమంతా చేస్తున్నదే కదా, వంటింట్లోకెళ్లి బియ్యం డబ్బా మూత తీశాను.

"ఏంటే అమ్మాయ్ అది?" అన్నారు అత్తయ్యగారు వెనక నుంచి.

"కార్డండీ. తడిసింది. కాసేపు బియ్యంలో..."

"ఇందాక నోటితో ఊదావు కదూ?"

"ఊదానండి."

"ఎంగిలి కార్డు తెచ్చి బియ్యంలో పెడతావా? ఆ బియ్యమే కదా రేపు నైవేద్యానికి వండేది! తియ్యి ముందు!"

బుర్రలో వెలుగు వెలిగింది. బియ్యం కాకపోతే కొబ్బరి పొట్టు! నర్సరీలో మొక్కలకి వాడేదే. తడి పీల్చడంలో దాని ముందు బియ్యం ఏ మూలకి? షెడ్డులో ఒక కొత్త కుండీ నిండా పొడి పొట్టు నింపి ఉంది. కార్డుని లోపలికంటా గుచ్చి, చదువుకున్న కోడలుగా నన్ను నేనే మెచ్చుకుని, భోజనానికి వెళ్లాను. గుత్తివంకాయ కూర. రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

తిరిగొచ్చేసరికి కుండీ లేదు.

"సత్తెమ్మా, ఇక్కడ కుండీ ఏది?"

"కాగితం పూల మొక్కది కుండీ పగిలిందండి. అందులోకి మార్చేశానండి. నీళ్లు కూడా దండిగా పోశానండి, దూరం ప్రయాణం కదండీ, ఆయ్."

ఆరబెట్టిన కార్డుకి తలంటు పోసేసింది మహాతల్లి!

"ఆ మొక్కేదీ?"

"లారీలోనండి."

"లారీ ఏదీ?"

సత్తెమ్మ రోడ్డు వైపు చూపించింది. రోడ్డు మీద దుమ్ము కూడా లేదు.

డ్రైవరుకి ఫోను చేస్తే ఎత్తడు. ఎలాగో ఎత్తేసరికి ఏలూరు దాటేశాడు. "కాగితం పూల కుండీలన్నీ అడుగునున్నాయండి, వాటి మీద మిగతావన్నీ ఉన్నాయండి. ఏ కుండీయో మీకు తెలుసాండి? తెలీదాండి? మరి రోడ్డు మీద ఎన్ని దింపమంటారండి?"

మావయ్యగారికి చెప్పక తప్పలేదు. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "పోన్లే అమ్మా" అని తువ్వాలు భుజం మీద వేసుకుని మొక్కల్లోకి వెళ్లిపోయారు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. లారీ బెంగళూరు చేరేదాకా నేను గుత్తివంకాయ వైపు కన్నెత్తి చూడలేదు.

చివరికి బెంగళూరు నుంచి ఫోను. మావయ్యగారు స్పీకరు పెట్టారు. అందరం చుట్టూ చేరాం.

"ఒక కుండీలో కార్డేదో దొరికిందండీ" అన్నాడాయన. "తుడిచి ఆరబెట్టి మా లాప్‌టాప్‌లో పెడితే ఫొటోలన్నీ వచ్చాయి. ప్రతి నంబరూ సరిపోయింది. సరుకులోనే సాక్ష్యం దాచి పంపడం ఇదే చూడ్డం! ఎవరి బుర్రండీ ఇది?"

అంటే కార్డు నిక్షేపంలా ఉందన్నమాట! చచ్చింది మా రీడరు. దాని మీద నాకు పొరపాటున కూడా అనుమానం రాలేదు.

"మా కోడలిదండి. ఇంజినీరు" అన్నారు మావయ్యగారు. నేను వెంటనే ఒక అంగుళం పొడుగయ్యాను.

"వచ్చే లోడు కూడా మీదేనండీ. కానీ ఒక్క మాట, ఏమీ అనుకోరుగా? మీ వాచ్‌మన్‌ని మార్చెయ్యండి."

"వాచ్‌మనాండి?"

"అదే, గళ్ల లుంగీ, బట్టతల. మంచం మీద నోరు తెరుచుకుని నిద్ర. కార్డులో బోలెడు ఫొటోలున్నాయి. ఒకదాంట్లో ముక్కు మీద ఈగ కూడా స్పష్టంగా కనబడుతోంది. ఇలాంటివాణ్ణి కాపలా పెడితే చెట్లు మిగలవండీ!"

పాపం, ఆయన మావయ్యగారిని ఎన్నడూ చూడలేదు, బేరమంతా ఫోనులోనే. నేను మాత్రం ఫొటోలు తీసిన రోజు పొద్దున్న జూమ్ ఎంతవరకూ లాగుతుందో పరీక్షించడానికి, కునుకు తీస్తున్న మావయ్యగారి మీద కాస్త ప్రయోగం చేశాను. ఆ సంగతి మీకు కూడా చెప్పలేదు, క్షమించాలి.

అదే గళ్ల లుంగీలో నిలబడి ఉన్న మావయ్యగారు తల తడుముకుని, మెల్లగా, "ఆయ్, చిత్తం. రేపే మాన్పించేస్తానండి" అన్నారు. అత్తయ్యగారు కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరుగెత్తారు.

ఫోను పెట్టేసి ఆయన నా వైపు తిరిగారు.

"ఈగ కూడా పడిందా అమ్మా? కెమెరా మంచిదే."

ఆ సాయంత్రమే కెమెరా మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో కార్డు చదవకపోతే ముందు రీడరునే అనుమానిస్తాను. దేన్నీ నోటితో ఊదను. నిద్రపోతున్న పెద్దల్ని ఫొటో తీయను. ఒకవేళ తీసినా, ఆ కార్డుని మాత్రం చచ్చినా లారీ ఎక్కనివ్వను.