ప్రసాదంతో వచ్చిన హ్యాకరు సారు

మా హ్యాకరు సారు పోయారని మంగళవారం పొద్దున ఆఫీసుకు ఫోన్ వచ్చింది. "గుండెపోటంటక్కా, ఇంట్లోనే కూలబడిపోయినాడంట" అని రిసెప్షన్ పిల్ల ఏడుస్తూ చెప్పింది. నేను నమ్మలేదు. "నోర్ముయ్! ఎవురూ కుర్చీల్లోంచి లేవద్దండి. ఇదీ ఆయన పెట్టిన పరీక్షే!" అని అరిచాను.

అలా అరిచినందుకు ఇప్పుడు నా మీద నాకే అసహ్యంగా ఉంది. ఎందుకు అరిచానో మీకు చెప్పాలి.

తిరుపతిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో రోగుల రికార్డులు చూసే సెక్షను నాది. మా కంప్యూటర్లలోకి దొంగలు ఏ దారిన దూరగలరో, వాళ్లకంటే ముందే దూరి చూపించడం సారు పని. యాజమాన్యమే పిలిపించి, అనుమతి కాగితం రాసిచ్చి, మాకు మాత్రం చెప్పకుండా పంపేది.

మూడేళ్ల కిందట మొదటిసారి వచ్చినప్పుడు ఆయనెవరో మాకు తెలియదు. గుండుకు చందనం పూసుకుని, చేతిలో లడ్డు కవరుతో నవ్వుతూ వచ్చారు. "మా యమ్మ మీ ఆస్పత్రిలోనే బతికి బయటపడిందమ్మా. మొక్కు తీర్చుకోని నేరుగా కొండ మీంచే వస్తా ఉండా. అందురూ తీసుకోండి" అన్నారు. కొండ ప్రసాదమంటే ఇక మేం ఆగుతామా! చెప్పులు విడిచి, చేతులు కడుక్కోవడానికి అందరం కుళాయి దగ్గరికి లేచి పోయాం. "మెట్లెక్కి కాళ్లు పీకుతుండాయి తల్లీ" అంటే వెళ్లేముందు నా కుర్చీ నేనే లాగి వేశాను. నా కంప్యూటరు తెరిచే ఉంది.

మర్నాడు మీటింగులో ఆ గుండాయనే మైకు పట్టుకున్నారు. నా కంప్యూటర్లోని రోగుల జాబితాను, పేర్ల మీద నల్లగీతలు కొట్టి, గోడ మీద చూపించారు. "ఎవురు లేసినారో పేర్లు రాసియ్యండి, ఈ పొద్దే తీసేస్తా" అన్నారు మా పెద్ద డాక్టరు. నా జీతం తప్ప మా ఇంటికి వేరే ఆధారం లేదు.

"రాయను సార్" అన్నారు సారు. "ఒకామెను తీసేసి ఇంకొకర్ని కూర్చోబెడతారు. నేను మళ్లా ప్రసాదం తెస్తా, ఆమే లేస్తాది. అప్పుడేం చేస్తారు? నేర్పిద్దాం, నేనే వచ్చి నేర్పిస్తా."

బయటికొచ్చాక పట్టుకుని కడిగేశాను. "దేవుడి ప్రసాదంతో మోసం చేస్తావా? కండ్లు పోతాయి సామీ!"

"ప్రసాదం నిజమేనక్కా. గుండూ నిజమే, నడిసి పొయ్యొచ్చినా. మా యమ్మ కత ఒకటే అబద్ధం. దానికి తప్పయిందని ఆడే సామికి ముందుగానే చెప్పుకున్నా."

అంత కోపంలోనూ నవ్వొచ్చింది.

ఆ తర్వాత నెలకోసారి వచ్చి నేర్పించారు. "కొంప తగలబడతా ఉన్నా సరే, లేసేముందు కంప్యూటరుకు తాళం వెయ్యక్కా" అనేవారు. వాళ్ల ఊరు ఐరాల నుంచి సొంత చెరకుతోట బెల్లం తెచ్చి, మేం తాళం మీట నొక్కేదాకా చేతికిచ్చేవారు కాదు. పరీక్షకు వస్తే మాత్రం, ప్లాస్టిక్ కవరులో పెట్టిన ఆ అనుమతి కాగితం చొక్కా జేబులో ఉండాల్సిందే. "ఈ కాయితం లేకుంటే నేనూ దొంగనే గదక్కా" అనేవారు.

పోయిన ఆదివారం ఫోన్ చేశారు. "మళ్లా వస్తా ఉండా. ఈసారి ఎట్లొస్తానో చెప్పను, సూసుకో."

"ఎట్లొచ్చినా పట్టుకుంటాం పో సారూ" అన్నాను.

అందుకే ఆ కబురు నమ్మలేదు. ఫోన్లో ఆయన భార్య ఏడుపు నా చెవులతో విన్నాక గాని కుర్చీలోంచి లేవలేదు. నలభై ఆరేళ్ల మనిషి, మొన్ననే కదా నవ్వుతూ మాట్లాడింది! ఆ కంగారులో కూడా లేచే ముందు నా వేళ్లు తాళం నొక్కాయి.

ఐరాలకు వెళ్లేసరికి ఆయన్ని వరండాలో పడుకోబెట్టారు. నాకు ఏడుపు రాలేదు. కళ్లు తెరిచి "దొరికిపోతివక్కా" అంటారేమోనని ముఖమే చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపటికీ అనలేదు.

మంచినీళ్లకని లోపలికి వెళ్తే, గోడ మేకుకు ఇస్త్రీ చేసిన నీలం చొక్కా వేలాడుతోంది. లిఫ్టులు బాగుచేసేవాళ్లు వేసుకునే చొక్కా. జేబులోంచి ప్లాస్టిక్ కవరు కొస కనబడుతోంది, లోపలి కాగితం మీద మా ఆస్పత్రి ముద్ర. మా లిఫ్టు చెడిపోయి అప్పటికి నాలుగు రోజులు. ఆ చొక్కా వేసుకుని వచ్చి ఉంటే తలుపు నేనే తీసేదాన్ని.