నది ఒడ్డున తమ్ముడి గది

తమ్ముడు జపాన్ వెళ్ళింది 2012 వానాకాలం చివర్లో. వాడు పనిచేసే మందుల కంపెనీ అక్కడి నుంచి ప్యాకింగ్ యంత్రాలు తెప్పించుకుంటోంది. వాటిని నడపడం నేర్చుకు రమ్మని కొన్ని వారాలకు పంపారు. ఒసాకా శివార్లలో, ఫ్యాక్టరీకి దగ్గరగా, నది ఒడ్డున ఆకాశాన్నంటే హోటల్ ఒకటి ఉంటే అందులో గది ఇచ్చారు.

మాది అశోక్‌నగర్. కింది వాటాలో అమ్మ, నేను. పై వాటాలో తమ్ముడు, మరదలు. నేను పెళ్ళి చేసుకోలేదు. నారాయణగూడలో ఒక కాలేజీలో కామర్స్ చెప్పేదాన్ని. మరదలి పుట్టిల్లు చిక్కడపల్లి. వాళ్ళ తాతగారు గుంటూరు వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మా ఇంటి నుంచి వాళ్ళింటికి కూరగాయల సంచీ పట్టుకుని నడిచి వెళ్ళొచ్చు. కానీ అవి ఊరంతా ప్రత్యేక రాష్ట్రం మాటే నడుస్తున్న రోజులు. రెండు రోజులకోసారి బంద్. టీవీ పెడితే అదే గొడవ. తమ్ముడు ఆ పిల్లను ఇష్టపడి చేసుకున్నాడు. అమ్మ పెళ్ళికి వచ్చింది, అక్షింతలు వేసింది, అంతే. ఇంటికి ఎవరైనా వస్తే "మా వాని భార్య" అని చెప్పేది గాని "మా కోడలు" అనేది కాదు. మరదలు కూడా మెట్లు దిగి రావడం తక్కువే. నేను కూర చేస్తే గిన్నెలో పెట్టి పైకి పంపేదాన్ని. ఖాళీ గిన్నె వెనక్కి ఇవ్వకూడదని ఆమె అందులో గుప్పెడు పంచదార పోసి పంపేది. మా ఇద్దరి మధ్యా ఉన్న చుట్టరికం దాదాపు ఆ గిన్నె మాత్రమే.

తమ్ముడు రోజూ నేను కాలేజీకి తయారయ్యే వేళకు ఫోన్ చేసేవాడు.

"అక్కా, నా రూమ్ ఇరవై మూడో అంతస్తుల ఉన్నదే. కిటికీల నుంచి చూస్తె నది మొత్తం కనవడ్తది. పొద్దున లేచి కుర్చేసుకొని కూసుంటున్న."

"ఏం తింటున్నవ్ రా?"

"మస్తు పెడ్తున్నరు. నువ్వు పరేషాన్ గాకు. అమ్మకు గూడ చెప్పు."

ఒక రోజు ఫోన్ రాలేదు. పని ఒత్తిడి అనుకుని కాలేజీకి వెళ్ళిపోయాను. మధ్యాహ్నం క్లాసులో ఉండగా ప్యూన్ వచ్చి పిలిచాడు. బయట మరదలు నిలబడి ఉంది. ఆమె మా కాలేజీకి రావడం అదే మొదలు. చెప్పులు వేరువేరు జతలవి వేసుకుని వచ్చింది.

"వదినా, ఆయన పడిపోయారంట. టిఫిన్ చేసే చోట. తలలో నరం చిట్లిందంటున్నారు. కంపెనీ వాళ్ళు ఇంటికొచ్చారు."

ఇద్దరం ఆటోలో ఇంటికొచ్చాం. అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ఎవరూ చెప్పకముందే ఆమెకు అర్థమైపోయింది. కంపెనీ వాళ్ళు వీసాలూ టికెట్లూ వాళ్ళే చూసుకుంటామన్నారు. మరదలికి పెళ్ళయిన కొత్తలో తీసిన పాస్‌పోర్టు ఉంది. నాకు, తోటి లెక్చరర్లతో అనుకుని మానుకున్న నేపాల్ యాత్ర కోసం తీసుకున్నది ఉంది. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "నువ్వు గూడ పో బిడ్డా. ఆమె ఒక్కతి ఏం జేస్తది అక్కడ" అంది.

ఒసాకా విమానాశ్రయానికి యంత్రాల కంపెనీ తరఫున ఒకావిడ వచ్చింది. పొట్టి జుట్టు, బూడిద రంగు కోటు, నెమ్మదిగా అచ్చుకొట్టినట్టు మాట్లాడే ఇంగ్లీషు. మమ్మల్ని చూడగానే నడుం వంచి చాలాసేపు అలాగే ఉండిపోయింది. ముందు ఆసుపత్రికే తీసుకెళ్ళింది. తమ్ముడి ఒంటినిండా గొట్టాలు. మీసం తీసేశారు. మీసం లేకపోయేసరికి వాడు ఇంటర్ చదివే పిల్లాడిలా ఉన్నాడు. మరదలు వాడి పాదాలు పట్టుకుని "చల్లగా ఉన్నాయి వదినా" అంది. నేను కూడా పట్టుకుని చూశాను. చల్లగా లేవు. మామూలుగానే ఉన్నాయి. కాని ఆ మాట ఆమెతో అనలేదు.

హోటల్లో మాకు వేరే గది ఇవ్వబోయారు. మరదలు కదలలేదు.

"ఆయన గదే కావాలి. మీరు చెప్పండి వదినా."

నేను ఇంగ్లీషులో చెప్తే ఆవిడ వాళ్ళ భాషలో చెప్పింది. వాళ్ళు లోపలికి వెళ్ళి మాట్లాడుకుని వచ్చి ఒప్పుకున్నారు. ఇంకో మంచం తెచ్చి వేశారు. తమ్ముడి వస్తువులేవీ ముట్టుకోలేదు. బల్ల మీద దువ్వెన, దాని పళ్ళలో రెండు వెంట్రుకలు. కుర్చీ వీపుకి వేలాడుతున్న చారల చొక్కా. కుర్చీ కిటికీ వైపు తిరిగి ఉంది.

గదిలో చిన్న ఫ్రిజ్ ఉంది. తెరిస్తే రెండు సీసాలు. ఒకటి నేను పెట్టిచ్చిన చింతకాయ తొక్కు, ఇంకోటి మరదలు చేసిన గోంగూర పచ్చడి. రెంటికీ వేసిన ప్లాస్టిక్ కవరు ముడి కూడా విప్పలేదు.

"రెండూ ముట్టుకోలేదు వదినా. ఫోన్లో రోజూ నీ గోంగూరే తింటున్నానని చెప్పేవారు."

"తొక్కు లేకుంటె ముద్ద దిగుతలేదని నాకు చెప్పిండు."

ఇద్దరం నవ్వాం. ఆమెతో కలిసి నవ్వడం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి. తర్వాత ఆమె స్నానాల గదిలోకి వెళ్ళి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచింది.

ఆసుపత్రిలో మధ్యాహ్నం పూట మాత్రమే చూడనిచ్చేవారు. వంతెన దాటి నడిచి వెళ్ళేవాళ్ళం. పొద్దున పూటలన్నీ ఆ గదిలోనే. కిటికీ తెరుచుకునేది కాదు. ఆ ఎత్తుకు ఏ చప్పుడూ వచ్చేది కాదు. చిక్కడపల్లి మార్కెట్ కేకల్లో, నారాయణగూడ హారన్లలో బతికినదాన్ని, ఆ నిశ్శబ్దం నా చెవులకు జబ్బు చేసినట్టు ఉండేది. కింద నది వెడల్పుగా, తొందర లేకుండా పోయేది. గట్టు మీద గడ్డిలో ముసలివాళ్ళు గేలాలు వేసుకుని కూర్చునేవారు. వంతెన కింద ఒక అమ్మాయి బాకా లాంటిది ఊదుతూ కనిపించేది. ఇంట్లో ఊదితే పక్కవాళ్ళకు ఇబ్బందని అక్కడికి వచ్చి సాధన చేస్తారట. ఆమె బుగ్గలు ఉబ్బడం కూడా ఊహించుకోవలసిందే. మాకు వినపడేది కాదు. మేము కింది దుకాణంలో దొరికే అన్నం డబ్బాలు తెచ్చుకుని, తొక్కూ గోంగూరా వేసుకుని తినేవాళ్ళం. మరదలు నా సీసా తీసుకునేది. నేను ఆమెది తీసుకునేదాన్ని. అలా ఎందుకు జరిగిందో తెలియదు.

ఆ పొద్దుటి వేళల్లోనే తమ్ముడి గురించి మాట్లాడుకున్నాం. నాకు తెలిసినవాడు ఆమెకు తెలియడు, ఆమెకు తెలిసినవాడు నాకు తెలియడు. చిన్నప్పుడు పతంగి కోసం గోడెక్కి పడి వాడి మోచెయ్యి విరిగిందని చెప్తే, "అందుకా, వానొస్తే ఆ చెయ్యి పట్టుకుని కూర్చుంటారు" అంది. బంద్ రోజున బస్సుల్లేకపోతే, పెళ్ళయిన కొత్తలో పనిచేసిన ఆఫీసు నుంచి ఆమె నడిచొస్తుంటే వాడు సగం దారి ఎదురెళ్ళి, మళ్ళీ ఇద్దరూ కలిసి నడిచి వచ్చేవారట. అమ్మకు మాత్రం దోస్తును కలవడానికి పోతున్నానని చెప్పేవాడట.

ఒక పొద్దున అలా మాట్లాడుకుంటుండగా అల్మారాలో హ్యాంగర్లు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. ఎవరో లోపల ఉన్నారేమో అనుకున్నాను. తర్వాత తెరలు ఊగాయి. గోడలు కిర్రుమన్నాయి. గదంతా పడవలా ఒకవైపు ఒరిగి, ఆగి, ఇంకోవైపు ఒరిగింది. పైనుంచి స్పీకర్లో ఏదో చెప్తున్నారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. మేమిద్దరం బల్ల కింద దూరి ఒకరినొకరం గట్టిగా పట్టుకున్నాం. ఆమె గోళ్ళు నా భుజంలో దిగాయి. నేను దేవుణ్ణి తలుచుకుంటున్నాను. ఆమె నా చెవిలో ఒకటే మాట అంటోంది.

"ఆయన అక్కడ ఒక్కరే ఉన్నారు వదినా. లేచి రాలేరు. ఒక్కరే ఉన్నారు."

నేల కదలడం ఆగిపోయాక కూడా భవనం ఇంకా ఊగుతూనే ఉంది. లిఫ్టులు ఆపేశారు. మెట్ల దారిన దిగాం. మధ్యలో ఆమె మెట్టు మీద కూలబడితే, నడుం చుట్టూ చెయ్యి వేసి దించాను. బయటకొస్తే వీధిలో ఏమీ జరగనట్టే ఉంది. ఒకతను సైకిల్ మీద పోతున్నాడు. పసిపిల్ల కుక్కతో ఆడుకుంటోంది. మేము మాత్రం వంతెన మీద పరుగెత్తాం. నాకు యాభై దాటాయి. చీరలో అంత దూరం ఎలా పరుగెత్తానో.

అది చూడనిచ్చే వేళ కాదు. అయినా మా మొహాలు చూసి లోపలికి పంపారు. తమ్ముడు ఎలా ఉన్నవాడు అలాగే ఉన్నాడు. మంచం పక్కన ఒక నర్సు రెండు చేతులతో కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. కదిలినంతసేపూ అలాగే పట్టుకుని ఉందని తర్వాత కంపెనీ ఆవిడ అడిగి చెప్పింది. మరదలు ఆ నర్సు రెండు చేతులూ తీసుకుని కళ్ళకద్దుకుంది.

ఆ వారమే డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. మెదడు పనిచేయడం లేదు. ఇక చేయదు. గుండె దానంతటది ఆగేదాకా చూడాలి. కంపెనీ ఆవిడ ఆ మాటలు మాకు చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచి మూసుకుంది. గుండె ఎక్కువ రోజులు కొట్టుకోలేదు. ఒక మధ్యాహ్నం మేమిద్దరం చెరోపక్కా కూర్చుని ఉండగానే ఆగింది. బయట సన్నగా వాన పడుతోంది.

వాణ్ణి ఇంటికి తీసుకుపోవాలని నా పట్టు. అమ్మ ఆఖరిచూపు చూడాలి కదా. మరదలు తల అడ్డంగా ఊపింది.

"పెట్టెలో పెట్టి, సామాన్లతో పాటు విమానం అడుగున వేసి తీసుకెళ్తారు వదినా. నాకు ఇష్టం లేదు. దహనం ఇక్కడే చేయిద్దాం. ఆయనకు చీకటి గదిలో నిద్ర పట్టదు. మీకు తెలీదా?"

నాకు తెలుసు. ఇంట్లో కూడా లైటు వేసుకునే పడుకునేవాడు. అయినా అమ్మను అడగకుండా ఎలా ఒప్పుకోను? ఫోన్ చేశాను. అమ్మ ఏడ్చింది, ఏడ్చి ఆగింది.

"నా కోడలేమంటున్నది?"

చెప్పాను.

"దాని పెనిమిటి. అదెట్లంటె అట్లనే కానియ్యి. నన్నడగకుండ్రి."

అమ్మ నోట "నా కోడలు" అనే మాట వినడం అదే మొదలు. ఫోన్ స్పీకర్లో ఉంది. మరదలు విన్నది. కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

మా ఇళ్ళలో ఆడవాళ్ళు శ్మశానానికి పోరు. ఒసాకాలో దహనం దగ్గర ఉన్నది మేమిద్దరం, కంపెనీ ఆవిడ, ఫ్యాక్టరీలో వాడికి పని నేర్పిన వాళ్ళు కొందరు. పొయ్యి తలుపు మూసుకున్నప్పుడు మరదలు వాణ్ణి పేరు పెట్టి పిలిచింది. మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం ఆమె నోట నేనెప్పుడూ వినలేదు.

కొంతసేపటికి పిలిచారు. పళ్ళెం మీద తెల్లటి ఎముకలు. మా చేతికి పొడుగాటి వెదురు పుల్లలు ఇచ్చారు. ఇద్దరు అయినవాళ్ళు చెరో జత పుల్లలతో ఒకే ఎముకను కలిసి పట్టుకుని కుండలో వేయాలట. పాదాలతో మొదలుపెట్టి తల దాకా. అప్పుడే మనిషి కుండలో నిలబడినట్టు ఉంటాడట. మాకు ఆ పుల్లలు పట్టుకోవడం రాదు. మొదటి ఎముక జారి పళ్ళెంలో పడింది. దాని చప్పుడుకి నేను కళ్ళు మూసుకున్నాను.

"మెల్లగా వదినా. నేను పట్టుకున్నాను. మీరూ పట్టుకోండి."

పట్టుకున్నాను. ఎత్తాం. అస్థిసంచయనం మనకూ ఉంది గదా అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ మన దగ్గరైతే అది ఆడవాళ్ళు చూసేది కాదు. అన్నిటికన్నా చివర గొంతు దగ్గరి ఎముక. అది ధ్యానంలో కూర్చున్న బుద్ధుడిలా ఉంటుందని ఆవిడ చూపించింది. నాకు బుద్ధుడు కనపడలేదు. రోజూ పొద్దున "అక్కా" అని పిలిచే గొంతు ఉన్న చోటు అది. దాన్ని కూడా ఇద్దరం కలిసే ఎత్తి లోపల పెట్టాం.

తిరుగు ప్రయాణంలో మరదలు ఆ కుండను ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. ఇంటికొచ్చాక అమ్మ ఆమెను గుమ్మంలోనే కావలించుకుంది. అస్థికలు బీచుపల్లిలో కృష్ణలో కలిపాం. పురోహితుడు మగవాళ్ళెవరూ రాలేదా అని అడిగితే, అమ్మ "మేం ముగ్గురం వచ్చినం, చాలదా?" అంది.

ఆ తర్వాత మరదలు పై వాటా ఖాళీ చేసి కిందికే వచ్చేసింది. పుట్టింటివాళ్ళు చిక్కడపల్లి నుంచి రోజూ వచ్చి రమ్మనేవారు. పోలేదు. అమ్మకు రాత్రి మందులు ఆమే ఇచ్చేది. ఇద్దరూ పెద్దగా కబుర్లు చెప్పుకునేవారు కాదు. వంటింట్లో ఒకరు కూరలు తరిగితే ఒకరు బియ్యం ఏరేవారు, అంతే. రెండు రాష్ట్రాలైన ఏడాది ఆమెకు బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. పోస్టింగ్ రాజమండ్రిలో. వెళ్ళనని నాతో అంది. నేను వెళ్ళమన్నాను. ముప్పై నాలుగేళ్ళ మనిషి. మా ఇద్దరి ముసలితనానికి కాపలా ఉండాల్సిన అవసరం ఆమెకేముంది?

స్టేషన్‌కి నేనొక్కదాన్నే వెళ్ళి ఎక్కించి వచ్చాను. అమ్మ రాలేదు. ఆటో కదలకముందే లోపలికి వెళ్ళిపోయింది. నేను తిరిగొచ్చేసరికి మరదలి మంచం మీద పడుకుని గోడ వైపు తిరిగి ఉంది. వంట చేశాను. పిలిచాను. చీకటి పడేదాకా లేవలేదు. లేచాక, "పిల్ల ఊరు చేరిందా?" అని అడిగింది. ఇంకా లేదన్నాను. అయితే చేరినంక తింటానని మళ్ళీ పడుకుంది.