నాయనమ్మ గొంతు పోయిన ఆదివారం

మా చిన్నప్పుడు... ఇబ్రహీంపట్నంలో మా రేకుల చర్చిలో పాట అయిపోగానే డోలక్ పక్కన పెట్టేవారు. "సాక్ష్యం ఉన్నోళ్లు లేవుండ్రి" అనేవారు పాస్టరయ్య. ఆ వారం దేవుడు చేసిన మేలు ఏదైనా సరే, లేచి నిలబడి అందరికీ చెప్పాలి. అదే సాక్ష్యం.

అందరికంటే ముందు లేచేది మా నాయనమ్మ రూతమ్మ. ఆమె చెప్పేవి పెద్ద మేళ్లేం కావు... నల్లాలో నీళ్లు సన్నగానైనా వచ్చాయి. కోడి పొదిగిన గుడ్లన్నీ పిల్లలయ్యాయి. కలుపు తీయడానికి పోయిన చోట ఎవరో సగం జొన్నరొట్టె పెట్టారు.

"రూతమ్మా, జర జల్ది కానీ, ఇంటికాడ అన్నం సల్లారుతది" అని మగవాళ్ల వైపు నుంచి ఎవరో ఒకరు అనేవారు.

"సల్లారెతందుకు అన్నమన్న ఉన్నది గద, దానికీ స్తోత్రం!" అనేది ఆమె.

నేనేమో చాప అంచున, బైబిలు వెనక ముఖం దాచుకుని కూర్చునేదాన్ని. కాన్వెంటులో సిస్టర్లు నన్ను మెచ్చుకున్నది ఒక్కదానికే... నోరు విప్పనని.

ఒక ఆదివారం పొద్దున లేచేసరికి నాయనమ్మ గొంతు పూర్తిగా పోయింది. మిరియాల కషాయం తాగినా గాలి తప్ప మాట రాలేదు. అయినా చర్చికి వచ్చింది. సాక్ష్యాల సమయానికి లేచింది... నన్నూ చెయ్యి పట్టి లేపింది! నా నోటివైపు వేలు చూపించింది. తన బదులు నేను చెప్పాలట.

"చెప్పు బిడ్డా, భయమెందుకు" అన్నారు పాస్టరయ్య.

కూర్చుంటే ఆ రోజుకి నాయనమ్మ సాక్ష్యం లేనట్టే. ఆమెకు అలాంటి ఆదివారం ఎన్నడూ లేదు. ఆమె ముఖం చూస్తే నాకే ఏడుపొచ్చింది... అయినా మాట రాలేదు.

గుర్తు చేద్దామనుకుందో ఏమో, నాయనమ్మ రెండు చేతులూ బార్లా చాపింది.

"విమానం!" అన్నాడు డోలక్ వాయించే యోసేపన్న. "నాదర్‌గుల్ ఎయిర్‌పోర్టుకు పోయి విమానమెక్కినవా అవ్వా?"

చర్చంతా నవ్వులు.

"విమానం గాదు, కొంగ! చెర్లకు కొంగలొచ్చినయంటున్నది" అంది ముందు వరసలోని ఒకామె.

"సిలువ గదనే!" అని ఆమెను కసిరింది పక్కనున్న ముసలమ్మ, చాలా గంభీరంగా.

నాయనమ్మ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. అదేమిటో నాకు తెలుసు! నేనూ అక్కడే ఉన్నాను! ఒక్కరూ సరిగ్గా చెప్పరే...

"బస్సు!"

అరిచింది నేనే! ఇక ఆగలేదు.

"మన్నెగూడ కాడ బస్సు పోతాంటే నాయనమ్మ గిట్ల చేతులు చాపి అడ్డం ఉరికింది! డ్రైవరన్న తిట్టుకుంటనే ఆపిండు... మల్ల ఆయనే సీటిప్పిచ్చిండు! నాయనమ్మకు మోకాళ్ల నొప్పులు... దేవునికి స్తోత్రం!"

"స్తోత్రం!" అన్నారందరూ. రేకులు మోగాయి!

ఆ తర్వాత ఆమె చెయ్యి ఆడితే చాలు, నేను చెప్పేస్తూ పోయాను. ఆమెవి అయిపోయాక నావి మొదలుపెట్టాను. బడి లైబ్రరీలో అడిగిన పుస్తకం దొరికింది... స్తోత్రం! ఇంటికొచ్చేదాకా వాన ఆగింది, పుస్తకం తడవలేదు... స్తోత్రం! ఇన్ని మేళ్లు నాకూ ఉన్నాయని చెబుతుంటేనే తెలిసింది.

చివర్లో నాయనమ్మ నన్ను చూపించి, తన పెదవుల మీద వేలు పెట్టుకుని, రెండు చేతులూ పైకెత్తింది. ఈసారి ఎవరూ ఊహించాల్సిన పని లేకపోయింది... నోరు విప్పని మనవరాలు నోరు విప్పింది, దానికీ స్తోత్రం అని! యోసేపన్న నవ్వుకుంటూ డోలక్ అందుకున్నాడు.

ఇప్పుడు మా చర్చికి స్లాబు పడింది, మైకు వచ్చింది. సాక్ష్యాలు మాత్రం వాట్సాప్ గ్రూపులోకి వెళ్లిపోయాయి... చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెడతాం, అంతే. ఎవరికి ఏ మేలు జరిగిందో ఎవరికీ తెలియదు.

ఈ వారం మీకు జరిగిన మేలు ఒకటి కింద రాయరూ... ఎంత చిన్నదైనా సరే. బొమ్మ వద్దు, మాటల్లో. ఒక్కొక్కటీ గొంతెత్తి చదువుతాను.