నెలకోసారి ఒత్తే బటన్

మొన్న పొద్దున నా ఫోనుకు, చాలా రోజులుగా వాడుతలేరు గనుక మీ ఖాతా తీసేస్తామని ఒక కబురు వస్తే, కోడలు చదివి చెప్పి నవ్వి ఊరుకుంది గానీ, నాకు మాత్రం మన తెలంగాణ వచ్చిన కొత్తల నేను కావాలని చేసిన ఒక పాడుపని కండ్ల ముందర నిలిచింది.

మాది కోస్గి దగ్గరి పల్లె, ఇంటెనక గొర్ల దొడ్డి. రెండు గొర్రెపిల్లల్ని దొంగలు ఎత్తుకపోయిన్రని, కల్వకుర్తిల కంప్యూటర్ దుకాణం నడిపే మా మరిది దొడ్డికి కెమెరా బిగించిండు. మా ఇంటి నెట్టు నంబరు ఊకె మారుతుంటదట, అందుకని నెట్టుల ఎవరో పైసల్లేకుండ పుకట్ల ఇచ్చే ఒక పేరు తీసుకొని కెమెరాకు కట్టిండు. ఫోన్ల ఆ పేరు కొడితే ఏ ఊర్ల ఉన్నా మా దొడ్డి కనవడ్తది. పుకటిది గదా, ఒక షరతు: నెలకోసారి వాళ్లు ఈమెయిలు ఉత్తరం పంపుతరు, ఉన్నమని బటన్ ఒత్తాలె, ఒత్తకపోతే ఎవరూ లేరనుకొని పేరు తీసేస్తరు. ఆ పని పది చదివిన తన భార్యకు, అంటే మా యారాలికి, అప్పజెప్పిండు.

ఇంక నా కడుపుమంట ఏం చెప్పాలె. పెంట ఎత్తేది నేను, గొర్రె ఈనలేకపోతే పిల్లను గుంజేది నేను. ఆమె కల్వకుర్తి కిరాయింట్ల కుర్చీల కూసోని, "అక్కా, ఆ నల్లది కుంటుతాంది, జర చూడు" అని నాకే ఫోను చేస్తుండె. మా అత్తేమో వచ్చినోళ్లందరికీ, "మా చిన్నకోడలు ఆడ కూసోనే మంద కాస్తాంది" అని చెప్పుకొని మురిసేది.

ఆమె కాన్పుకు దవాఖానకు పోతూ, ఆ ఉత్తరం నా ఫోనుకు వచ్చేటట్టు చేయించి, ఎట్ల ఒత్తాల్నో రెండుసార్లు చూపించి పోయింది. ఉత్తరం వచ్చింది. గుర్తుపట్టిన, వేలు దగ్గరిదాకా తీస్కపోయిన, మళ్ల ఫోను బోర్లేసి పెట్టిన. గడువు దాటింది, పేరు పోయింది, కొత్తది పెట్టేటందుకు మరిదికి రెండు నెలలు తీరిక దొరకలేదు.

పేరు పోయిన నాడే దవాఖాన మంచం మీదినుంచి యారాలు ఫోను చేస్తే, తిడ్తదనుకున్న. "అక్కా, దొడ్డి కనవడ్తలేదు. గొర్ల నడుమ పుట్టి పెరిగినదాన్ని, ఈడ వాటి వాసన గూడ లేదు. నువ్వు రోజూ ముట్టుకుంటవు, నాకు చూసుడే గదా" అన్నది. ఇన్నొద్దులూ ఆమె నన్ను చూసి కుళ్లుకుంటున్నదని అప్పుడు తెలిసింది. మరిచిపోయిన్నని బొంకిన, కావాలనే ఒత్తలేదని ఇప్పటికీ చెప్పలేదు.

ఇప్పుడు పైసలు కట్టే కెమెరాలొచ్చినయి, ఉన్నరా అని నెలనెలా అడిగేటోళ్లు లేరు, యారాలి ఫోన్లూ తగ్గినయి. నా మోకాళ్లు దొడ్డిదాకా పోనిస్తలేవు. మంచంల ఒరిగి ఫోన్ల చూస్తుంట. అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను కోడలు కొంగుతోని తుడుస్తుంటే, ఆ తడి నా చేతికి కావాలని కడుపుల మంట లేస్తది.