కుడి భుజం మీది జందెం

పోయిన సోమవారం చింతామణి బస్సు మా ఇంటి ముందు ఆగింది. డ్రైవరు దిగి వచ్చి, "అమ్మా, మీ మేనల్లుడు పొద్దున పోయినారు. జ్వరం దిగలేదంట. ఇదే బండి వెనక్కి పోతాది, వస్తారా?" అన్నాడు. బాగేపల్లి నుంచి చింతామణి చేరేదాకా నేను ఆలోచించింది వాడి గురించి కాదు. పొయ్యి ఆర్పానా లేదా, గొళ్లెం పెట్టానా లేదా అని. నా బుద్ధే అంత.

వాడు చింతామణిలో పదేళ్లు డ్రాయింగు మేష్టరు. ఇది చదివే మీలో చాలామంది వాడి దగ్గర గీతలు నేర్చుకున్నవాళ్లే. చూపు సరిగా లేని మనిషికి బొమ్మల చదువు ఎట్లా అబ్బిందని పలకరించడానికి వచ్చినవాళ్లు నన్ను అడిగారు. నాకు చదువు తక్కువ. అయినా ఆ సంగతి తెలిసినవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను కాబట్టి రాస్తున్నాను.

వాడికి చిన్నప్పుడే అమ్మవారు పోసి ఒక కంట్లో పువ్వు పడింది. మైసూరులో బొమ్మల చదువు రెండో ఏట ఉండగా రెండో కన్ను కూడా మసకేసింది. రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయన్నాడు. ఎండాకాలం సెలవులు అయ్యేలోపల చెక్క మీద అయిదు బొమ్మలు చెక్కి కాగితం మీద అచ్చులు తీసి తెస్తే ఉంచుకుంటాం, లేకపోతే పేరు తీసేస్తాం అన్నారట బడివాళ్లు. మొన్నటి ప్రపంచ యుద్ధం రాకముందు మాట ఇది. మా అన్న గుడిలో అర్చకుడు. వదిన అప్పటికే లేదు. భర్త పోయాక నేను వాళ్లింట్లోనే ఉండేదాన్ని. మా అన్నకు ఉన్నది వాడొక్కడే కొడుకు. మంత్రాలు నేర్చుకునే వయసు దాటిపోయింది, ఈ చదువు కూడా పోతే వాడి బతుకేమిటని నా దిగులు.

చెక్క కోసం వాడు ఎక్కడికీ తిరగలేదు. మేము భోజనానికి కూర్చునే పీటలు తిరగేశాడు. వచ్చినవాళ్లు యాడ కూర్చుంటారురా అని గొణిగితే, "పొట్ట నిండితే చాలు అత్తా, కింద ఏముండాదని ఎవరు చూస్తారు" అన్నాడు. బొటనవేలితో గీత వెతుక్కుంటూ, దాని వెనకే ఉలి నడిపేవాడు. చెక్కింది చూసుకోవాలంటే గాడుల్లో ముగ్గుపిండి నింపి, ఎండలో పీటను మొహానికి ఆనించి పట్టుకునేవాడు. నల్లబడిన చెక్క మీద తెల్ల గీత మాత్రం వాడి కంటికి కొంచెం అందేది. ఉలి జారుతుందని నేను పక్కనే కూర్చుని "వేలు, వేలు" అంటుండేదాన్ని. తెగింది మాత్రం నా వేలే. కూరగాయలు తరుగుతూ వాడి చేతులు చూసినందుకు.

దీపం మసిని అవిసె నూనెలో నూరి సిరా చేసేవాడు. గుడ్డమూటతో చెక్కకు అద్ది పైన కాగితం పరిస్తే, చెంబు అడుగుతో రుద్దడం నా పని. కాగితం చిరుగుతుందని నేను మాటిమాటికీ చెంబు ఎత్తేసేదాన్ని. "భయపడితే భయపడు అత్తా, చెంబు మాత్రం ఎత్తొద్దు" అనేవాడు. కాగితం లేపాక ఎట్లొచ్చిందని అడిగితే నేను బాగుందనేదాన్ని. "బాగుండాదా లేదా అని కాదు. ఏముండాదో చెప్పు" అనేవాడు. ఈ మాట మీకూ చెప్పేవాడని విన్నాను.

బావి గిలక, ఆవు మొహం, సంత గంపలు, నా చేతులు. నాలుగు అయినాయి. అయిదోది మా అన్న, దేవుడి ముందు చేతులు జోడించి కూర్చున్నట్టు. ఆ అచ్చు లేపి చూస్తే జందెం కుడి భుజం మీద ఉంది. మాలో జందెం ఎడమ భుజం మీద ఉండాలి. కుడి పక్కకు మార్చేది పోయినవాళ్లకు పిండం పెట్టేటప్పుడే. కొడుకే తండ్రిని ఇట్లా చెక్కితే ఇంటికి ఏం మూడుతుందో అనుకున్నాను. వాడితో ఆ మాట అనలేదు. బాగుందన్నాను. వాడు చేతులు కడుక్కోవడానికి దొడ్లోకి పోగానే కాగితాన్నీ పీటనూ పొయ్యిలో పెట్టాను. పనస చెక్క, నూనె పట్టి ఉంది. బాగా మండింది.

వాడు వచ్చి గచ్చు మీద తడిమాడు. "అత్తా, పీట యాడ?"

చెప్పేశాను. జందెం కుడి పక్కన వచ్చిందని కూడా చెప్పాను.

"అది అద్దంలో మాదిరి అత్తా. చెక్కలో ఎడమ, కాగితంలో కుడి అవుతాది."

"అట్లయితే చెక్కలోనే కుడి పక్కన చెక్కరాదా?"

"చెక్కాల్సిందే. మరిచిపోయినాను." గచ్చు మీద ఉలి వెతుక్కుంటూ, "నాతో ఒక మాట అనుంటే సరిపోయేది కదా. ఇంక మూడు దినాలే ఉండాది" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

నా పీట తెచ్చి వాడి ముందు పెట్టాను. మా అన్నను మళ్లీ కూర్చోబెట్టాడు. ఎడమ భుజం నుంచి నడుము దాకా జందెం వెంట వేలు నడిపి, అదే వేలితో చెక్క మీద ఎదురు పక్కన దారి వెతికాడు.

"చక్కిలిగింతలు పెడతాండావు కదరా. దేవుని ముందర కూడా ఇంతసేపు కదలకుండా కూర్చోలేదు నేను" అన్నాడు మా అన్న.

"దేవుడు నీ బొమ్మ తీయడు కదా నాన్నా."

మొదటి పీట ఏమైందని ఆయన అడిగితే, "చీలిపోయె" అన్నాడు వాడు. మా అన్న మూడేళ్ల కిందట పోయాడు. చీలిపోయిందనే అనుకుని పోయాడు.

అయిదు అచ్చులూ చూసి బడివాళ్లు వాడిని ఉంచుకున్నారు. పొయ్యిలో పోయినదానికన్నా రెండోది బాగా వచ్చిందో లేదో నాకు తెలియదు. మొదటిది చూసినదాన్ని నేనొక్కదాన్నే, నేనేమో జందెం తప్ప ఇంకేమీ చూడలేదు.

ఆ చివరి అచ్చు తీసింది వాడు బయల్దేరే పొద్దున. సిరా ఆరలేదు, చుడితే అంటుకుంటుంది. కాగితాన్ని రెండు కొసలా పట్టుకుని, ఒంటికి ఎడంగా ఎత్తుకుని బస్సెక్కాడు. మెట్టు కనబడక తడబడ్డాడు గాని కాగితం వదల్లేదు. రైలెక్కే చిక్కబళ్లాపురం దాకా చేతులు ఎట్లా నిలుస్తాయని నేను కిటికీ దగ్గరికి పోయి చూశాను. పక్కన కూర్చున్న తలపాగా రైతు ఒకాయన బొమ్మను ఒకసారి చూసి, ఎవరూ అడగకుండానే, గంప కాళ్ల మధ్య పెట్టుకుని ఒక కొస తన చేతిలోకి తీసుకున్నాడు. బండి కదిలింది. ఇద్దరి మధ్య ఆ కాగితం ఆరేసిన పంచెలాగా ఊగుతూ పోయింది.